నెలసరిని నడిపేది అండాశయం

(తిరుపతిలోని ఒక మహిళా కళాశాలలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక స్త్రీవైద్య నిపుణురాలు ఇచ్చిన ఉపన్యాస పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయినులకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

తిరుపతిలో స్త్రీవైద్యం చేసేవారికి మిగతా ఊళ్ళలో అంత తరచుగా ఎదురుకాని ప్రశ్న ఒకటి ఉంది. దర్శనం టికెట్ ఫలానా తేదీకి దొరికిందనీ, సరిగ్గా అప్పటికే నెలసరి వచ్చేట్టు ఉందనీ, వాయిదా పడడానికి మాత్ర రాయమనీ అడుగుతారు. చాలామంది అడగను కూడా అడగరు. నేరుగా మందుల షాపుకు వెళ్ళి కొనుక్కుంటారు. ఆ రోజుల్లో కొండకు వెళ్ళవచ్చా లేదా అన్నది వారి నమ్మకానికి, వారి ఇంటి ఆచారానికి సంబంధించిన విషయం. దాని మీద తీర్పు చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. అయితే ఆ మాత్ర ఏం చేస్తుందో, ఏ రోజున మొదలుపెడితే పనిచేస్తుందో తెలియాలంటే నెలసరి ఎక్కడ మొదలవుతుందో తెలిసి ఉండాలి. రక్తం గర్భసంచి నుంచి వస్తుంది కనుక నెలసరి అంటే గర్భసంచి వ్యవహారమేనని మనలో చాలామంది అనుకుంటాం. నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఒక్కటే: నెలసరిని నడిపేది అండాశయం, గర్భసంచి దాని వెంట నడుస్తుంది. ఈ క్రమం మనసుకు పట్టితే వాయిదా మాత్రలూ, "నీటి బుడగలూ", చిన్న వయసులో చేయించుకుంటున్న గర్భసంచి ఆపరేషన్లూ వేరే వెలుగులో కనిపిస్తాయి.

ముందు నా చేతిలోని ఈ నమూనాను చూడండి. పొత్తికడుపును నిలువుగా మధ్యకు కోసి పక్క నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం, ఈ రెండింటి నడుమ గర్భసంచి. గర్భం దాల్చని స్త్రీలో ఇది సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 50, 60 గ్రాములకు మించి బరువు తూగదు. నిండు నెలల నాటికి ఇదే గర్భసంచి, బిడ్డను లెక్కలోకి తీసుకోకుండానే, కిలో దాకా పెరుగుతుంది. ఎక్కువమందిలో ఇది మూత్రాశయం మీదికి ముందుకు వాలి ఉంటుంది. దాదాపు ఐదుగురిలో ఒకరికి వెనక్కి వాలి ఉంటుంది. స్కానింగ్ కాగితం మీద "రెట్రోవర్టెడ్" అన్న మాట చూసి పిల్లలు పుట్టరేమోనని భయపడి వచ్చేవారు ఉన్నారు; అది ఒక అమరిక, జబ్బు కాదు.

గర్భసంచి గోడలో అధిక భాగం కండరం. ఆ కండరానికి లోపలి వైపున ఉండే మెత్తని పొరను ఎండోమెట్రియం అంటాం. ఈ పొరలో మళ్ళీ రెండు అంతస్తులు ఉన్నాయి. కండరాన్ని అంటిపెట్టుకుని ఉండే అడుగు పొర ఎప్పటికీ రాలదు. దాని మీద ప్రతి నెలా పెరిగి, ప్రతి నెలా రాలేది పైపొర. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

గర్భసంచి కింది మెడ భాగాన్ని గర్భాశయ ముఖద్వారం అంటాం. అక్కడ వచ్చే క్యాన్సర్ గురించీ, హెచ్‌పీవీ టీకా గురించీ మధ్యాహ్నం వేరొకరు మాట్లాడతారు కనుక నేను దాని జోలికి పోను. దాని కింద యోని. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ అక్కడి పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య నిలిపి ఉంచుతాయి. ఆ పులుపే బయటి క్రిములకు అడ్డు. శుభ్రత పేరుతో సబ్బునీళ్ళు, డెట్టాల్ నీళ్ళు లోపలికి పోసి కడిగితే పోయేది ఆ అడ్డే; బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

బయటి భాగాల గురించి తరగతిలో చెప్పడానికి ఉపాధ్యాయినులు ఇబ్బంది పడతారని నాకు తెలుసు, అయినా రెండు సంగతులు చెప్పి తీరాలి. మొదటిది, మూత్రం వచ్చే ద్వారం వేరు, యోని ద్వారం వేరు. పెళ్ళై పిల్లల్ని కన్నవారిలోనూ ఈ రెండూ ఒకటేనని అనుకునేవారు ఉన్నారు. రెండోది కన్నెపొర. అది పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఆటల్లోనో సైకిలు తొక్కేటప్పుడో సాగవచ్చు, చిరగవచ్చు, కలయిక తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉండవచ్చు. దాన్ని చూసి ఒక ఆడపిల్ల గతాన్ని చెప్పడం ఏ వైద్యుడి తరమూ కాదు. అత్యాచార బాధితులకు చేసే "రెండు వేళ్ళ పరీక్ష"కు శాస్త్రీయ ఆధారం లేదనీ, దాన్ని చేసినవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేననీ సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో స్పష్టం చేసింది. అరుదుగా కొందరిలో ఈ పొరకు రంధ్రమే ఉండదు. పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చినా పెద్దమనిషి కాని పిల్ల నెలనెలా పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ ఉంటే, మూత్రం సరిగ్గా రావడం లేదని చెబితే, లోపల రక్తం పేరుకుంటోందేమోనని మీరు అనుమానించాలి. చిన్న శస్త్రచికిత్సతో అది నయమవుతుంది.

గర్భసంచి పైమూలల నుంచి ఇరువైపులా సాగిన ఈ గొట్టాలు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. 1561లో వీటిని వివరంగా వర్ణించిన ఇటలీ శరీర శాస్త్రవేత్త గాబ్రియేలె ఫాలోపియో పేరు మీద వీటిని ఫాలోపియన్ నాళాలు అంటున్నాం. అండం, వీర్యకణం కలుసుకునేది ఈ నాళంలోనే, గర్భసంచిలో కాదు. మన రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో పదిమందికి ఏడుగురు దాకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆ ఆపరేషన్‌లో కట్టి కత్తిరించేది ఈ నాళాలనే. అండాశయాన్ని తాకరు, గర్భసంచిని తాకరు. కనుక నెలసరి మామూలుగానే వస్తుంది. విడుదలైన అండం నాళంలోనే కరిగిపోతుంది.

ఇక అండాశయం. గర్భసంచికి చెరోవైపు ఒకటి, సుమారు 3 సెంటీమీటర్ల పొడవున, నమూనాలో కంటికి ఆనకుండా ఒక మూలన ఉన్నవి ఇవే. ఆడశిశువు తల్లి కడుపులో అయిదో నెలలో ఉన్నప్పుడే ఈ రెండింటిలో కలిపి 60, 70 లక్షల అండకణాలు తయారవుతాయి. పుట్టేనాటికి వాటిలో 10 నుంచి 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితకాలం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500. మిగిలినవన్నీ ఏ నెలసరితోనూ, ఏ మందుతోనూ సంబంధం లేకుండా వాటంతట అవే నశిస్తూ పోతాయి. గర్భనిరోధక మాత్రలు వాడినా, ఎన్ని కాన్పులైనా ఈ తరుగుదల ఆగదు.

ప్రతి అండకణం చుట్టూ కణాల వరుసలతో ఒక చిన్న సంచి ఉంటుంది. దాన్ని పుటిక అంటాం. 1672లో డచ్చి వైద్యుడు రెగ్నియర్ డి గ్రాఫ్ ఈ పుటికలను వర్ణించి, వాటినే అండాలుగా భావించాడు. లోపల ఉన్న అసలు అండాన్ని సూక్ష్మదర్శినిలో కార్ల్ ఎర్నెస్ట్ ఫన్ బేయర్ చూసింది 1827లో. అంతదాకా మనిషి పుట్టుకకు స్త్రీ నుంచి వచ్చే కణం ఏదో ఎవరూ కళ్ళారా చూడలేదు.

ఇప్పుడు చక్రం ఎలా తిరుగుతుందో చూద్దాం. మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ నుంచి వచ్చే సంకేతంతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో అండాశయంలో కొన్ని పుటికలు ఒకేసారి పెరగడం మొదలుపెడతాయి. కొద్ది రోజుల్లో వాటిలో ఒకటి మిగతా వాటిని దాటిపోతుంది, మిగిలినవి ముడుచుకుపోతాయి. ముందుకు సాగిన పుటిక ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది, ఆ ఈస్ట్రోజెన్ రక్తంలో కలిసి గర్భసంచికి చేరి, రాలిపోయిన పైపొరను మళ్ళీ పెంచుతుంది. పుటిక 20 మిల్లీమీటర్ల దరిదాపులకు ఎదిగి, రక్తంలో ఈస్ట్రోజెన్ బాగా హెచ్చి, ఆ హెచ్చు రెండు రోజుల పాటు నిలిచి ఉంటే, అంతవరకు ఈస్ట్రోజెన్‌కు లొంగి ఉన్న పిట్యూటరీ ఒక్కసారిగా ఎదురు తిరిగినట్టు ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను పెద్ద మొత్తంలో వదులుతుంది. అది మొదలైన సుమారు 36 గంటలకు పుటిక పగిలి అండం బయటికి వస్తుంది. ఈ రోజుల్లో ముఖద్వారం నుంచి కోడిగుడ్డు తెల్లసొన మాదిరి, వేళ్ళ మధ్య తీగలా సాగే పారదర్శకమైన స్రావం వస్తుంది. దీన్ని కూడా తెల్లబట్ట అనుకుని మందులు వాడేవారు ఉన్నారు. దురద, దుర్వాసన, రంగు మార్పు లేకపోతే దానికి మందు అక్కరలేదు.

విడుదలైన అండం 12 నుంచి 24 గంటలు మాత్రమే సజీవంగా ఉంటుంది. వీర్యకణాలు అయిదు రోజుల దాకా ఉండగలవు. పగిలిన పుటిక కూడా వృథాగా పోదు. అది పసుపు రంగుకు మారి కార్పస్ లూటియం అవుతుంది, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ పెంచిన పొరను గర్భాన్ని నిలుపుకోవడానికి తగినట్టు పక్వానికి తెచ్చి నిలిపి ఉంచేది ఈ ప్రొజెస్టిరానే. శరీర ఉష్ణోగ్రత అర డిగ్రీ సెల్సియస్ వరకు పెరగడం, రొమ్ములు బరువెక్కడం దీని వల్లనే. గర్భం వస్తే పిండం నుంచి వచ్చే హెచ్‌సీజీ హార్మోన్ కార్పస్ లూటియాన్ని బతికిస్తుంది. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష కిట్ మూత్రంలో వెతికేది ఆ హెచ్‌సీజీనే. గర్భం రాకపోతే కార్పస్ లూటియం సుమారు పద్నాలుగు రోజులకు వాడిపోతుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. ఆ పతనమే నెలసరికి కారణం.

ఆ తర్వాత గర్భసంచిలో ఏం జరుగుతుందో మనకు ఒక వింత ప్రయోగం నుంచి తెలిసింది. అమెరికా శాస్త్రవేత్త జె. ఇ. మార్కీ రీసస్ కోతి గర్భసంచి పొర ముక్కలను అదే కోతి కంటిలోని ముందు గదిలో నాటి, పారదర్శకమైన శుక్లపటలం (కార్నియా) గుండా ఆ ముక్కలు నెలనెలా మారడాన్ని సూక్ష్మదర్శినితో గమనించి 1940లో ప్రచురించాడు. హార్మోన్ తగ్గగానే పొరలోని మెలికల ధమనులు గట్టిగా బిగుసుకున్నాయి, రక్తం అందక పొర పాలిపోయింది, తర్వాత ధమనులు సడలినప్పుడు చితికిన గోడల నుంచి రక్తం కారింది. మన శరీరంలోనూ జరిగేది అదే. పైపొర రాలుతుంది, అడుగు పొర నిలుస్తుంది, ఆ అడుగు పొర నుంచే కొద్ది రోజుల్లో గాయపు మచ్చ కూడా లేకుండా కొత్త పొర పుడుతుంది. చెడు రక్తం బయటికి పోతోందన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పోయేది రాలిన పొర, దానితో పాటు మామూలు రక్తం. అన్నట్టు, వీధికుక్కకు కనిపించే రక్తస్రావాన్ని చూసి దానికీ నెలసరి వచ్చిందనుకుంటారు. కుక్కకు రక్తం కనిపించేది అండం విడుదలకు ముందు, మనకు విడుదలయ్యాక. అది వేరు, ఇది వేరు.

ఇప్పుడు గోడ మీది క్యాలెండరు తీసుకుందాం. ఒక అమ్మాయి జనవరి 3, జనవరి 31, మార్చి 6 తేదీల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టిందనుకోండి. మొదటి చక్రం 28 రోజులు, రెండోది 34. చక్రంలో రెండు భాగాలు ఉన్నాయి: అండం విడుదలకు ముందుది, తర్వాతది. కార్పస్ లూటియం ఉండే రెండో భాగం ఇంచుమించు పద్నాలుగు రోజులే. మారేది పుటిక పెరిగే మొదటి భాగం. ఈ సంగతిని 1920లలో జపానులో క్యుసాకు ఒగినో, ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ విడివిడిగా కనుగొన్నారు. అందువల్ల అండం విడుదలైన రోజును వచ్చిన నెలసరి నుంచి ముందుకు లెక్కపెట్టకూడదు, తర్వాతి నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మొదటి చక్రంలో అది జనవరి 17 ప్రాంతం, రెండో చక్రంలో ఫిబ్రవరి 20 ప్రాంతం, అంటే ఇరవై ఒకటో రోజు. పద్నాలుగో రోజే అండం విడుదలవుతుందని పుస్తకం చూసి బట్టీపట్టిన దంపతులు బిడ్డ కోసం ప్రయత్నించినా, వద్దనుకున్నా ఇక్కడే తప్పిపోతారు.

వాయిదా మాత్ర కూడా ఇక్కడే అర్థమవుతుంది. సాధారణంగా వాడే నోరెథిస్టిరాన్ ప్రొజెస్టిరాన్ వంటిదే. కార్పస్ లూటియం వాడిపోతున్న సమయంలో బయటి నుంచి ఆ లోటును పూడ్చి పొరను రాలకుండా పట్టి ఉంచుతుంది. అందుకే రావలసిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి, 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకోమంటాం. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఇరవై నాలుగు రోజులకే నెలసరి వచ్చే అమ్మాయి నెల లెక్క వేసుకుని ఆలస్యంగా మొదలుపెడితే, ధమనులు బిగుసుకుని పొర చితికిపోయాక ఆ మాత్ర దాన్ని మళ్ళీ అతికించలేదు. పైగా ఇలా వాడినప్పుడు అది గర్భనిరోధక మాత్రగా పనిచేయదు. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భవతులు దాన్ని వాడకూడదు. ఎప్పుడో ఒకసారి వైద్యుల సలహాతో వాడడం వేరు, ఇంట్లో జరిగే ప్రతి పండుగకూ, ప్రతి పెళ్ళికీ షాపులో కొని పిల్లకు ఇవ్వడం వేరు. రెండోది నాకు ఏ మాత్రమూ సమ్మతం కాదు.

"గర్భసంచిలో నీటి బుడగలు" అన్న మాటకు వద్దాం. స్కానింగ్‌లో కనిపించేవి గర్భసంచిలో ఉండవు, అండాశయంలో ఉంటాయి. అవి సగంలో ఎదుగుదల ఆగిన పుటికలు. పీసీఓఎస్ అనే ఈ స్థితిలో ఏ పుటికా పూర్తిగా ఎదగక, అండం విడుదల కాక, కార్పస్ లూటియం ఏర్పడక, ప్రొజెస్టిరాన్ ఉండదు. ఈస్ట్రోజెన్ మాత్రం పొరను పెంచుతూనే ఉంటుంది. రెండు మూడు నెలలు రాకుండా, వచ్చినప్పుడు తెరలుతెరలుగా రావడానికి కారణం అదే. అయితే పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు మెదడుకూ అండాశయానికీ మధ్య ఈ సమన్వయం ఇంకా కుదురుకోదు కనుక నెలసరి అటూ ఇటూ కావడం సహజం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు స్కానింగ్ చేయించి, పుటికలు ఎక్కువ కనిపించాయని జబ్బు పేరు తగిలించడం తొందరపాటు.

నెలసరిలో పోయే రక్తం సగటున 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికం. కొలత పాత్ర పెట్టి ఎవరూ చూడరు కనుక, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడెనిమిది రోజులు దాటినా అధికమనే తీసుకోండి. మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను నిమ్మరసంతోనో జామకాయతోనో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది, టీతో తీసుకుంటే ఒంటబట్టదు. నొప్పి సంగతి కూడా ఇంతే సూటిగా చెప్పవచ్చు. పొర చితికేటప్పుడు పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భసంచి కండరాన్ని బిగింపజేస్తాయి. మెఫెనామిక్ ఆమ్లం వంటి మాత్రలు వాటి తయారీని ఆపుతాయి, కనుక నొప్పి ముదిరాక కంటే మొదలవుతున్నప్పుడే, తిన్న తర్వాత వేసుకుంటే మేలు. మాత్ర వేసుకున్నా నెలనెలా బడి మానుకునేంత నొప్పి ఉంటే అది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర వంటిది గర్భసంచి బయట పెరిగే జబ్బు, కావచ్చు. పెళ్ళైతే అదే సర్దుకుంటుందని సర్దిచెప్పకండి.

చివరిగా గర్భసంచి ఆపరేషన్. ఇదే సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3 శాతం చిల్లర ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతానికి పైనే ఉన్నారు. ముప్పై అయిదేళ్ళు నిండకముందే తీయించుకున్న స్త్రీలు మీ ఊళ్ళలోనూ ఉంటారు. క్యాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు, కొన్ని రకాల గడ్డలకు, గర్భసంచి జారినప్పుడు ఈ ఆపరేషన్ అవసరమవుతుంది. తెల్లబట్టకు, నడుము నొప్పికి, "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు" అన్న మాటకు అవసరం కాదు. అధిక రక్తస్రావానికి ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు ఉంది, లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. ముందు వాటి గురించి అడగాలి. గర్భసంచి తీసినా అండాశయాలను ఉంచితే రక్తం కనిపించదు గానీ నేను చెప్పిన చక్రం లోపల తిరుగుతూనే ఉంటుంది. వాటిని కూడా తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు: ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కొన్నేళ్ళకు ఎముకలు పెళుసెక్కడం.

మీ ఊరిలో ఆపరేషన్ అయిన స్త్రీలను అండాశయాలు ఉన్నాయా అని అడిగి చూడండి, చాలామందికి తెలియదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం మీద ఏమేమి తీశారో రాసి ఉంటుంది. ఆ కాగితం ఇంట్లో ఉంటే తెమ్మనండి, చదివి వివరంగా చెప్పండి, ఎముకల నొప్పికో మరొకదానికో ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా దాన్ని వెంట తీసుకువెళ్ళమనండి. ఇక మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు తీసుకుందాం.